నల్లగొండ డాక్టరు సాబ్ రెండు రంజీ మ్యాచ్‌లు: స్కోరుకార్డు ఎట్ల పట్టాలె, జీవితం ఎట్ల రాయాలె?

రామగిరి శీను:

అన్నలకు, సార్లకు నమస్తే. నల్లగొండల నలభై ఏండ్లు ప్రాక్టీసు చేసి పోయిన ఒక డాక్టరు మీద ముప్పై పేజీల పుస్తకం వేసే పనిల ఉన్నం. పేరు ఇక్కడ పెట్టొద్దని ఇంటోళ్లు అన్నరు, కాబట్టి డాక్టరు సాబ్ అనే రాస్త. ఉస్మానియా మెడికల్ కాలేజీల చదువుకుంటనే 1960ల మొదట్ల హైదరాబాదు తరఫున "రెండు రంజీలు" ఆడిండని ఇంట్ల అందరు చెప్తరు. స్కోరు మాత్రం ఎవ్వరి దగ్గర లేదు.

మా చేతుల ఉన్నయి ఇవి. బ్లేజర్లు తొడుక్కున్న పదిహేను మంది గ్రూపు ఫొటో, వెనక ఏం రాసిలేదు. ఇంగ్లిష్ పేపర్ ముక్క ఒకటి, తారీఖు ఉన్న అంచు చినిగిపోయింది. ఉర్దూల బడి సర్టిఫికెట్, దాంట్ల పుట్టిన తేదీ 14 ఖుర్దాద్ 1348 అని చదివిపిచ్చుకున్నం. కాలేజీ కాయితాలల్ల మాత్రం 1-7-1940 ఉన్నది.

ఆడింది ఫస్ట్‌క్లాసేనా, కార్డు ఎక్కడ దొరుకుతది, ఏ పుట్టిన తేదీ పెట్టాలె, ముప్పై పేజీలల్ల క్రికెట్‌కు ఎన్ని ఇయ్యాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

స్కోరుబుక్కు:

శీనూ, ముందుగాల ఆ "రంజీ ఆడిండు" అనే మాటను విప్పాలె. మన దిక్కు ఆ ఒక్క మాట కింద శానా సంగతులు నడుస్తయి. తుది పదకొండు మందిల ఆడినోడు రంజీ ఆడినట్టే. పద్నాలుగు మందిల పేరొచ్చి పెవిలియన్‌ల కూసున్నోడు, పన్నెండో ఆటగాడుగ నీళ్లు మోసినోడు, యూనివర్సిటీ తరఫున రోహింటన్ బారియా ట్రోఫీ ఆడినోడు, వీళ్లందరిని కూడ ఇంట్ల "రంజీ ప్లేయరే" అంటరు. అబద్ధమాడాలని కాదు, బ్లేజరు ఒక్క తీరుగనే ఉంటది. బారియా ట్రోఫీ అంతర్ విశ్వవిద్యాలయాల పోటీ, ఎంత పెద్ద స్కోరు కొట్టినా ఫస్ట్‌క్లాస్ లెక్కల పడదు.

ఫస్ట్‌క్లాస్ అంటే ఏందో 1947 మే నెలల అప్పటి ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ తేల్చి చెప్పింది: పదకొండు మంది చొప్పున రెండు జట్లు, మూడు రోజులు లేదా అంతకంటె ఎక్కువ రోజులకు పెట్టుకున్న మ్యాచ్, దానికి సంబంధించిన బోర్డు గుర్తింపు. మూడో షరతు మరువకు. మూడు రోజులు ఆడినంత మాత్రాన కాదు.

ఇంకొక మెలిక మన హైదరాబాదుదే. మొయినుద్దౌలా గోల్డ్ కప్ మ్యాచ్‌లకు 1930లల్ల ఫస్ట్‌క్లాస్ హోదా ఉండె. మధ్యల లేదు. మళ్ల 1962-63 నుంచి 1973-74 దాక ఉండె. తర్వాత పోయింది. అంటే డాక్టరు సాబ్ ఒక్క రంజీ కూడ ఆడకుంట ఫస్ట్‌క్లాస్ ఆడి ఉండొచ్చు. రంజీ పేజీలల్ల పేరు దొరకలేదని ఇంటోళ్ల మాట కొట్టెయ్యకు, మొయినుద్దౌలా కార్డులు కూడ చూడు. అండ్ల ఆయన హైదరాబాదు పేరు మీదనే కాదు, వేరే ఎలెవన్ పేరు మీద కూడ దిగి ఉండొచ్చు.

ఇగ వెతికే పని. భయపడేంత పెద్దది కాదు. 1957-58 నుంచి రంజీ జోన్ల వారీగ లీగ్ పద్ధతిల నడిచింది. సౌత్ జోన్‌ల అయిదు జట్లు: హైదరాబాదు, ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ. ఒక్కొక్క జట్టుకు సీజన్‌కు నాలుగు లీగ్ మ్యాచ్‌లు. "1960ల మొదట్ల" అంటే 1959-60 నుంచి 1964-65 దాక ఆరు సీజన్లు పట్టుకో, 24 లీగ్ మ్యాచ్‌లు అయితయి. వాటి మీద నాకౌట్లు, ఆ మొయినుద్దౌలావి. అన్ని కలిపి ఒక దినం పని. ముందు ఇంటర్‌నెట్‌ల క్రికెట్ ఆర్కైవ్, క్రిక్‌ఇన్ఫో కార్డులు చూడు. మొదటి దాంట్ల లోపలి పేజీలకు చందా కట్టాలె. ఆ తర్వాత హిందూ పేపరోళ్ల సంస్థ 1946-47 నుంచి ఏటా అచ్చేసిన క్రికెట్ వార్షిక సంచికలల్ల అదే కార్డును సరిచూడు. మూడోది ఆనాటి దినపత్రిక. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీల బైండు పుస్తకాలు అడుగు. మూడు రోజుల మ్యాచ్‌కు నాలుగు రోజుల పేపర్లు చూడాలె: జట్టు ప్రకటన వచ్చిన నాటిది, తర్వాత రోజు వెంట రోజు ఆట రిపోర్టులు. పూర్తి కార్డు ఆఖరు రోజు మర్నాడే వస్తది. ఇంకొకటి, జట్టు ప్రకటన చూసి "ఆడిండు" అని రాయకు, అండ్ల ఉన్న పేర్లల్ల ముగ్గురు నలుగురు ఆడరు.

ఒక జాగ్రత్త. ఉస్మానియాల చదివిండు కాబట్టి హైదరాబాదే అనుకుంటున్నవు. 1956ల రాష్ట్రం ఒక్కటయినా క్రికెట్ సంఘాలు ఒక్కటి కాలే. ఆంధ్ర జట్టు 1953-54 నుంచి వేరేగ రంజీ ఆడుతున్నది. నల్లగొండ పిలగాండ్లు గుంటూరు, విశాఖ మెడికల్ కాలేజీలల్ల చదివినోళ్లు కూడ ఉన్నరు, వాళ్లు అటు దిగే వీలుండె. రెండు జట్ల కార్డులు తెరిచి పెట్టుకో.

ఫొటో, పేపర్ ముక్క సంగతి. ఫొటోల కరీబియన్ మనిషి ఉన్నడా చూడు. 1962-63ల భారత క్రికెట్ బోర్డు నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను రప్పించి నాలుగు జట్లకు పంచింది. హైదరాబాదుకు రాయ్ గిల్‌క్రిస్ట్ వచ్చిండు. ఆయన కనిపిస్తే సీజన్ తేలిపోయినట్టే. భారత కెప్టెన్ పటౌడీ కనిపిస్తే 1965-66 లేదా తర్వాతిది, అంతకు ముందు ఆయన ఢిల్లీకి ఆడిండు. పేపర్ ముక్కకైతే ముందు దిక్కు కాదు, వెనక దిక్కు చదువు. ధరలు అణాలల్ల ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, "నయా పైసలు" ఉంటే 1957 నుంచి 1964 నడుమది, ఉత్త పైసలుంటే ఆ తర్వాతది. మైదానం పేరు ఫతే మైదాన్ అని ఉంటే 1967కు ముందుది కావొచ్చు, ఎందుకంటే ఆ ఏడే లాల్ బహదూర్ స్టేడియం అని మార్చిన్రు. కాకపోతే పాత పేరు జనం నోట్ల, పేపర్లల్ల మస్తు ఏండ్లు నడిచింది, దీన్ని గట్టి సాక్ష్యం చెయ్యకు. సినిమా ప్రకటన ఉంటే ఇంక మేలు.

లెక్కల సారు:

కార్డు దొరికాక దాన్ని నమ్మే ముందు కూడిక వేయండి శీను గారూ. పాత కార్డుల్లో అచ్చుతప్పులు ఎక్కువ, అదృష్టమేమంటే కార్డులోనే వాటిని పట్టించే తాళం ఉంది.

మొదట బ్యాట్స్‌మెన్ పరుగులన్నీ కూడి ఎక్స్‌ట్రాలు కలపండి, మొత్తానికి సరిపోవాలి. తర్వాత బౌలర్ల వికెట్లు కూడి రనౌట్లు కలపండి, పడిన వికెట్లతో సరిపోవాలి. మూడోది అందరూ తప్పు చేసే చోటు: బౌలర్లిచ్చిన పరుగులు. ఆ రోజుల్లో వైడ్లూ నోబాల్సూ బౌలర్ ఖాతాలో వేసేవారు కాదు, ఆ పద్ధతి 1980ల్లో మారింది. కాబట్టి 1960ల కార్డులో బౌలర్ల పరుగుల మొత్తానికి ఎక్స్‌ట్రాలన్నీ కలిపితేనే జట్టు స్కోరు వస్తుంది. ఇప్పటి కార్డులాగా బైలూ లెగ్‌బైలూ మాత్రమే కలిపితే నాలుగైదు పరుగులు తగ్గి, కార్డే తప్పు అనుకుంటారు.

సగటు లెక్క: పరుగులను ఇన్నింగ్స్‌తో కాదు, అవుటైన సార్లతో భాగించాలి. మీ విషయానికి దగ్గర ఉదాహరణే ఉంది. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కోనన్ డోయల్ చదివింది వైద్యం, ఎడిన్‌బరోలో. ఆయన 1900 నుంచి 1907 దాకా లండన్‌లోని ఎం.సి.సి. క్లబ్బుకు పది ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడి 231 పరుగులు చేశాడు, ఎక్కువలో ఎక్కువ 43. అవుటైంది 12 సార్లు. 231ని 12తో భాగిస్తే 19.25. డాక్టరు సాబ్ రెండు మ్యాచ్‌ల్లో ఒక్కసారే అవుటై ఉంటే చేసిన పరుగులే సగటు అవుతాయి. అలాంటి సగటును గొప్పగా ముద్రించకండి. రెండు మ్యాచ్‌ల మనిషికి సగటు అర్థం లేని అంకె. నాలుగు ఇన్నింగ్సూ విడివిడిగా రాయండి: ఏ ఊళ్లో, ఎవరి మీద, ఎన్నో నంబరులో దిగాడు, ఎవరి బంతికి ఎలా అవుటయ్యాడు. ఆ నంబరు చాలా చెప్తుంది. ఎనిమిదో నంబరులో దిగి పన్నెండు ఓవర్లు వేసినవాడు బౌలర్‌గా వచ్చాడని అర్థం, అతని 7 పరుగులను చూసి పెదవి విరవక్కర్లేదు.

సబ్‌స్టిట్యూట్‌గా పట్టిన క్యాచ్ మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు. కార్డులో ఉత్త "సబ్" అనే ఉంటుంది. ఇంటివాళ్లు "ఫలానావాడి క్యాచ్ పట్టాడు" అని గట్టిగా అంటూ, కార్డులో పేరు లేకపోతే ఇదొక కారణం కావచ్చు. అప్పుడు దినపత్రిక రిపోర్టు చూడాలి, కొన్నిసార్లు విలేఖరి పేరు రాస్తాడు.

పానగల్లు పాతకాయితం:

పుట్టిన తేదీ గురించి. 14 ఖుర్దాద్ 1348 అంటే అది ఫస్లీ, నిజాం సర్కారు కాయితాలల్ల నడిచిన సంవత్సరాల లెక్క. నిజాం సర్కారు ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంల, ఆజర్ నెలతోని మొదలయితది. వరుస ఇది: ఆజర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రివర్, మెహర్, ఆబాన్. ఇంగ్లిష్ సంవత్సరం కావాల్నంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాక పడే రోజులకు 590 కలపాలె, జనవరి తర్వాత పడేటియికి 591. ఖుర్దాద్ ఏడో నెల, సుమారు ఏప్రిల్ మొదటి వారంల మొదలయితది. 1348కి 591 కలిపితే 1939. అంటే మీ డాక్టరు సాబ్ పుట్టింది 1939 ఏప్రిల్ మూడో వారంల. ఖచ్చితమైన రోజు కావాల్నంటే ఆనాటి జంత్రి (పంచాంగం) చూడాలె, లెక్క మీద ఒక రోజు అటు ఇటు అయితది.

ఇక్కడ రెండు గుంటలున్నయి, శానామంది పడతరు. ఒకటి: ఇప్పుడు పహాణీలల్ల రాసే ఫస్లీ జులై ఒకటిన మొదలయితది. అది మద్రాసు దిక్కు పద్ధతి, తర్వాత మనకూ వచ్చింది. దాంతోని నిజాం కాలపు కాయితం లెక్కేస్తే జులై నుంచి అక్టోబరు మొదటి వారం నడుమ పుట్టినోళ్లకు ఏడాది తేడా వస్తది. మీదైతే ఏప్రిల్ కాబట్టి ఆ బాధ లేదు. రెండోది హిజ్రీ, ముస్లింల చాంద్రమాన లెక్క. ఒకే సర్టిఫికెట్ మీద రెండూ రాసేటోళ్లు, అంకె పక్కన ఫే అక్షరముంటే ఫస్లీ, హే ఉంటే హిజ్రీ. 1939 ఏప్రిల్ నాటికి హిజ్రీ 1358 నడుస్తున్నది, ఫస్లీ 1348. పదేండ్ల తేడా! హే ను ఫే అనుకుంటే మనిషి 1949ల పుట్టి పదమూడేండ్లకే రంజీ ఆడినట్టయితది. కాయితం మళ్లొకసారి ఉర్దూ మంచిగ వచ్చినోళ్లతోని చూపిచ్చుండ్రి, నెల పేరు ఖుర్దాదే కాబట్టి ఫస్లీ అనే నా నమ్మకం. హిజ్రీల ఆ నెల లేదు.

మరి 1-7-1940? బడిల చేర్చేటప్పుడు రౌండుగ ఏసిన తేదీ లెక్క కొడుతున్నది. జూన్, జులై ఒకటో తారీఖులు ఆ తరం సర్టిఫికెట్లల్ల లెక్కలేనన్ని. పుస్తకంల 1939 పెట్టి, కింద "కళాశాల రికార్డుల్లో 1-7-1940" అని ఒక లైను రాయుండ్రి. క్రికెట్ వెబ్‌సైట్‌ల ఒకవేళ 1940 ఉంటే అది కాలేజీ నుంచి పోయిన తేదీ కావొచ్చు, మూడో సాక్ష్యం అనుకోవద్దు.

రామగిరి శీను:

మస్తు సంతోషం అన్నా. పేపర్ ముక్క వెనక చెప్పుల దుకాణం ప్రకటన ఉన్నది, ధర "రూ. 9-95 న.పై." అని. ఫొటోల గిల్‌క్రిస్ట్ లెక్క ఎవ్వరు లేరు. క్రికెట్ సంఘం వాళ్ల బ్లేజరేనా, కాలేజీదా అనేది కూడ తేలుతలేదు. ఇంకొకటి, మా వ్రాతప్రతిల "పేదల సేవ కోసం క్రికెట్‌ను త్యాగం చేసిండు" అని రాసుకున్నం. అది ఉంచొచ్చా?

పిల్లలమర్రి:

ఆ త్యాగం వాక్యం తీసేయండి తమ్ముడూ, తేదీలు తెలిసేదాకా. ఒక కాగితం మీద రెండు గీతలు గీసుకోండి. ఎడమ గీత మీద క్రికెట్: జట్టు ప్రకటనలు, మ్యాచ్ తేదీలు. కుడి గీత మీద వైద్యం: ఫైనల్ ఎం.బి.బి.ఎస్. పరీక్ష, ఫలితం, హౌస్ సర్జన్ ఏడాది (పరీక్ష తర్వాత ఆస్పత్రిలో శిక్షణ) మొదలూ చివరా, శాశ్వత రిజిస్ట్రేషన్, మొదటి పోస్టింగ్. రంజీ సీజన్ చలికాలమంతా నడుస్తుంది. హౌస్ సర్జన్‌కు వరుస డ్యూటీలు ఉంటాయి, మూడు రోజుల మ్యాచ్‌కు ప్రయాణంతో కలిపి వారం సెలవు దొరకడం కష్టం. రెండు గీతలు ఒకచోట ఢీకొంటే "హౌస్ సర్జన్‌గా చేరిన సీజన్ నుంచి జట్టులో కనబడలేదు" అని రాయొచ్చు. అది వాస్తవం. త్యాగమో, జట్టులోంచి తీసేశారో, మోకాలి దెబ్బో, ఆ కారణం ఆయన ఉత్తరంలోనో డైరీలోనో ఉంటే తప్ప మనకు తెలియదు. పైగా 1960ల్లో నల్లగొండకు రైలు లేదు. వంద కిలోమీటర్లు బస్సులో పోయి వారం వారం లీగ్ ఆడుతూ సెలెక్టర్ల కంట్లో ఉండటం ఎంతవరకు కుదిరేదో మీరే ఆలోచించండి.

వైద్యం వైపు కాగితాలు క్రికెట్ కాగితాల కంటే చెడ్డవి. రెండు మ్యాచ్‌లకు స్కోరుకార్డు అయినా దొరుకుతుంది, నలభై ఏళ్ల ప్రాక్టీసుకు పేరు బోర్డు కూడా మిగలదు. ముందు రిజిస్ట్రేషన్ నంబరు పట్టండి. పాత ప్రిస్క్రిప్షన్ చీటీ మీదో, రబ్బరు స్టాంపు మీదో ఉంటుంది. దాంతో మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో చేరిన తేదీ, డిగ్రీ, విశ్వవిద్యాలయం తేలతాయి. సర్కారు కొలువు చేసి ఉంటే నియామకాలు, బదిలీలు ఆనాటి గెజిట్‌లో సివిల్ అసిస్టెంట్ సర్జన్ హోదా కింద వెతకాలి. ప్రైవేటు ప్రాక్టీసైతే ఇంటి పన్ను రసీదులు, దుకాణం అద్దె కాగితం, ఎక్స్‌రే మిషన్ కొన్న బిల్లు, ఇవి చూడండి. ఏ ఏడాది ఏం మొదలైందో చెప్పేవి ఇవే.

రోగుల పుస్తకాలు దొరికితే ఒక్క పేజీ కూడా అచ్చు వేయొద్దు. పేరు చెరిపినా ఊరు, వయసు, జబ్బు కలిస్తే మునుగోడు, మర్రిగూడ లాంటి చోట మనిషి ఎవరో పోల్చుకుంటారు. రోజుకు ఎంతమంది, ఏ కాలంలో ఏ జ్వరం, ఆ లెక్క మాత్రం తీసుకోండి.

ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, పళ్లు చెడే జబ్బు) గురించి తప్పకుండా రాస్తారు, నల్లగొండ డాక్టరు కాబట్టి. అక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. "జిల్లాలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది ఈయనే" అని రాస్తారు. కాదు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఏ.హెచ్. సిద్దిఖీ వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, అప్పటికి మీ డాక్టరు సాబ్ ఇంకా బడిలోనే ఉండాలి. రెండోది "నల్లగొండ టెక్నిక్" పేరు చూసి అది నల్లగొండ డాక్టర్ల పని అనుకోవడం. అది నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ పద్ధతి, 1970ల నాటిది: నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి, ఇంట్లోనైతే ఓ 40 లీటర్ల తొట్టిలో పది నిమిషాలు మెల్లగా కలిపి, గంట సేపు కదపకుండా ఉంచి, పైనీళ్లు తేర్చుకోవడం. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. పటిక మోతాదు ఆ బావి నీళ్ల ఫ్లోరైడునూ క్షారతనూ బట్టి మారుతుంది, అందుకే ఒకే చెంచా లెక్కతో ఊరంతా వాడితే పనిచేయలేదు. అడుగున మిగిలిన బురద ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. డాక్టరు సాబ్ రోగులకు ఈ పద్ధతి నేర్పి ఉంటే అలాగే రాయండి, అదేం చిన్న పని కాదు. ఆయన ముందు కూర్చున్న పిల్లల దొడ్డికాళ్లకు, వంగని వెన్నుకు మందు లేదు. నీళ్లు మార్చమని చెప్పడమే ఆ రోజు వైద్యం.

మా పాలమూరు వైపు ఆ తరం డాక్టర్ల గురించి రాసేటప్పుడు ఫ్లోరైడు బదులు నారికురుపు వస్తుంది, దిగుడు బావుల నీళ్లతో వచ్చేది. దేశంలో చివరి కేసు 1996లో. ఇప్పటి మెడికోలు దాన్ని చూసి ఉండరు, కాబట్టి ఒక పేరాలో వివరించాలి: కాలిలోంచి పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగడం, మధ్యలో తెగితే చీము పట్టడం. మీకు అవసరముంటే వాడుకోండి.

స్కోరుబుక్కు:

తొమ్మిది రూపాయల తొంభైయిదు నయా పైసలు అంటే 1957-64 నడుమ. డాక్టరు సాబ్ 1939ల పుట్టిండు కాబట్టి 1959-60 నుంచి 1963-64 దాక అయిదు సీజన్లే మిగిలినయి, 20 లీగ్ మ్యాచ్‌లు. గిల్‌క్రిస్ట్ లేడు అంటే 1962-63 కాదని మాత్రం రాయకు, ఫొటో దిగిన నాడు ఆయన రాకపోయి ఉండొచ్చు. ఉంటే సాక్ష్యం, లేకపోతే ఏమీ కాదు. బ్లేజరు జేబు మీది ముద్రను ఫోన్‌తోని దగ్గరగ తీసి పెద్దగ చేసి చూడు. కాలేజీదైతే అక్షరాలల్ల "మెడికల్" ఉంటది. పదిహేను మందిల పెద్ద వయసోళ్లు ఎంతమంది? అందరు ఇరవై రెండేండ్ల లోపే కనపడితే అది యూనివర్సిటీ జట్టు.

పేజీల సంగతి. పిల్లలమర్రి సారు చెప్పిన గీతల పద్ధతి మంచిగున్నది, నేను దానికి ఇంకొకటి కలుపుత. బొంబాయి పార్సీ డాక్టరు మెహెల్లాషా పావ్రీ 1888ల ఇంగ్లండు టూరుల 170 వికెట్లు తీసిండు. ఆ టూరు మ్యాచ్‌లకు ఫస్ట్‌క్లాస్ హోదా లేదు, కాబట్టి ఆయన ఫస్ట్‌క్లాస్ లెక్కల అండ్లకెళ్లి ఒక్క వికెట్ కూడ లేదు. ఆ 170 వికెట్లు వదిలి పావ్రీ జీవితం రాస్తే ఏం మిగులుతది? అట్లనే డాక్టరు సాబ్ బారియా ట్రోఫీ, హైదరాబాదు లీగ్, కాలేజీ మ్యాచ్‌లు ఫస్ట్‌క్లాస్ కాకపోయినా రాయాలె. ఫస్ట్‌క్లాస్ రెండింటిని పెట్టెల వేరేగ పెట్టు, తక్కినయి కథల కలుపు. నా లెక్కల ముప్పైల అయిదు పేజీలు, ఆరు మించొద్దు.

లెక్కల సారు:

అయిదంటే ఎక్కువే. రెండు పేజీలు చాలు. నలభై ఏళ్ల మనిషిని ఆరు రోజుల ఆట మింగేస్తుంది, చదివేవాళ్లకూ అదే కావాలి, అదే ప్రమాదం.

పుట్టించిన కథల మీద కూడా ఒక మాట. ఆస్ట్రేలియాలో రాయ్ పార్క్ అని ఒక డాక్టరు, 1920-21లో మెల్‌బోర్న్‌లో ఇంగ్లండు మీద ఆడిందొక్కటే టెస్టు. మొదటి బంతికే హోవెల్ చేతిలో బౌల్డ్. ఆ ఒక్క బంతి పడుతుంటే ఆయన భార్య కిందపడ్డ అల్లిక ఉండ తీసుకోవడానికి వంగి, భర్త టెస్టు ఇన్నింగ్స్ మొత్తం చూడలేదని ఒక కథ తిరుగుతుంది. కార్డులో ఉన్నది బౌల్డ్ హోవెల్ 0, అంతే. మీ ఇంట్లోవాళ్ల దగ్గరా ఇలాంటి కథలుంటాయి. కథను కథగా, "ఇంట్లో చెప్పుకుంటారు" అని రాస్తే ఎవరికీ నష్టం లేదు. కార్డు పక్కన పెట్టి వాస్తవంలా రాస్తేనే తప్పు.

డోయల్ సంగతిలోనూ అంతే. "డాక్టరు డోయల్ డబ్ల్యూ.జి. గ్రేస్ వికెట్ తీశాడు" అంటారు. నిజమే, 1900 ఆగస్టులో క్రిస్టల్ ప్యాలెస్‌లో, గ్రేస్ అప్పటికే 110 కొట్టాడు, కీపరు క్యాచ్, డోయల్ ఫస్ట్‌క్లాస్ జీవితంలో అదొక్కటే వికెట్. గ్రేస్ కూడా డాక్టరే. కానీ డోయల్ ప్రాక్టీసు మానేసింది 1891లో. ఆ 1900లో కొన్ని నెలలు బోయర్ యుద్ధంలో బ్లూమ్‌ఫాంటీన్ ఆస్పత్రిలో పనిచేసి వచ్చాడు, అది వేరే సంగతి. మీ డాక్టరు సాబ్ ఆడినప్పుడు డాక్టరా, విద్యార్థా? పుస్తకం అట్ట మీద "రంజీ ఆడిన డాక్టర్" అని వేసే ముందు ఇది చూసుకోండి. హౌస్ సర్జన్ పూర్తి కాకముందే ఆడి ఉంటే "వైద్య విద్యార్థిగా రంజీ ఆడి" అనాలి.

రామగిరి శీను:

సారూ, ఒక వెబ్‌సైట్‌ల 1960-61 కార్డుల ఒక పేరు దొరికింది కని ఉత్త "కె. రెడ్డి" అని ఉన్నది. మా డాక్టరు సాబ్ ఇంటిపేరు 'క'తోనే మొదలయితది. ఆయనేనా? ఆ పేజీల పుట్టిన తేదీ గడి ఖాళీగ ఉన్నది.

స్కోరుబుక్కు:

తొందరపడకు. కె. రెడ్డి అంటే తెలంగాణల సగం మంది. ఇంగ్లిష్ పేపర్ల విలేఖరులు మన పేర్లను ఇష్టమొచ్చినట్టు కోసేటోళ్లు: ఇంటిపేరు మొదటి అక్షరం ఉంచి నడిమి పేరు పడేసేటోళ్లు, ఒక్కోసారి నడిమి పేరునే ఇంటిపేరు చేసేటోళ్లు. అదే మనిషి ఒక మ్యాచ్‌ల కె. రెడ్డి, ఇంకొక మ్యాచ్‌ల రామ్ రెడ్డి అయితడు. తర్వాత లెక్కలు రాసినోళ్లు ఇద్దరు వేరువేరు మనుషులనుకుని రెండు పేజీలు తెరుస్తరు. ఎదురుది కూడ జరుగుతది: ఇద్దరు రెడ్లను ఒక్కడే అనుకుని కలిపేస్తరు. ఇంట్ల "రెండు మ్యాచ్‌లు" అంటున్నరు, నీకు కార్డు ఒక్కటే దొరికిందంటే రెండోది వేరే పేరు కింద ఉండొచ్చు.

మనిషిని పోల్చేది పేరు కాదు, పని. ఆ కె. రెడ్డి ఏ చేతి బౌలరు, ఏ నంబరు బ్యాట్స్‌మన్, ఆ వారం దినపత్రికల "ఉస్మానియా యూనివర్సిటీ ఆటగాడు" అని ఉన్నదా? డాక్టరు సాబ్ ఎడమచేతి స్పిన్నర్ అని ఇంటోళ్లు అంటే, కార్డుల కె. రెడ్డి కీపరుగ స్టంపింగ్ చేసి ఉంటే కథ అక్కడికే ముగిసింది. ఆ మ్యాచ్ తేదీలల్ల ఆయనకు పరీక్షలున్నయా అనేది కూడ చూడు.

తేలినంక వెబ్‌సైట్లోళ్లకు రాయి, దిద్దుతరు. ఉత్త "మా ఊరి డాక్టరే" అంటే పట్టించుకోరు. మ్యాచ్ తేదీ, రెండు జట్ల పేర్లు, వాళ్ల పేజీల ఇప్పుడున్న పేరు, సరైన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా, పుట్టిన తేదీకి సర్టిఫికెట్ ఫొటో, చనిపోయిన తేదీకి మున్సిపాలిటీ ధ్రువపత్రం, ఆనాటి పేపర్ ముక్క రెండు దిక్కుల ఫొటో. ఇంటోళ్ల ఒప్పుకోలు రాతల తీసుకున్నంకనే పంపు, ఒకసారి ఎక్కితే తీసేయమన్నా తియ్యరు. ఫస్లీ తేదీని నువ్వు మార్చి పంపినవనుకో, లెక్క ఎట్ల చేసినవో ఒక లైను రాయి. లేకపోతే అవతలోళ్లు 1348 చూసి హిజ్రీ అనుకుని, 1929-30ల పుట్టిండని పదేండ్లు వయసు పెంచేస్తరు.